పాస్‌వర్డు ఎవరి సొత్తు?

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరచునప్పటికి గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో రెండు పనులు ఒక్కసారిగా సాగుచుండును. నల్లరేగడి పొలములు పత్తి విత్తనమునకు సిద్ధమగును. పాఠశాలలలో బదిలీ అయిన ఉపాధ్యాయుల రాకపోకలు జరుగును. పోవువారు వచ్చువారికి చార్జి అప్పగింతురు. హాజరు పట్టీలు, బల్లలు, భూగోళ పటములు, ప్రయోగశాల సీసాలు, బీరువా తాళపుచెవులు అన్నియు లెక్క ప్రకారము చేతులు మారును. సంతకములు జరుగును. పాతవారికి పూలమాల, కొత్తవారికి కాఫీ. నెల గడచిన పిమ్మట కొత్త ప్రధానోపాధ్యాయుడు బీరువా తెరచి, అడుగు అరలోనున్న పాత ల్యాప్‌టాప్‌ను బయటకు తీసి మీట నొక్కును. తెరమీద ఒక చిన్న గడి, అందులో మిణుకుమిణుకుమను ఒక గీత. పాస్‌వర్డు చెప్పుమని అది అడుగుచున్నది. అప్పగింత పత్రములో యంత్రమున్నది, తీగ ఉన్నది, సంచి కూడ ఉన్నది. ఆ మాట మాత్రము లేదు.

పాతవారికి ఫోను చేయగా వచ్చు జవాబు దాదాపు ఒక్కటే. “అది నేను పెట్టింది కాదండీ మాస్టారూ, కంప్యూటరు చెప్పే కుర్రాడు పెట్టాడు. అతనిప్పుడు హైదరాబాదులో ఏదో కంపెనీలో ఉన్నాడట” అని. ఆ కుర్రవానికి ఫోను చేయుదురు. అతడు మర్యాదస్తుడు, గుర్తున్నంతవరకు నాలుగైదు మాటలు చెప్పును. వానిలో ఏ ఒక్కటియు పనిచేయదు. యంత్రము మరల బీరువాలోనికి పోవును. మరుసటి బదిలీలో అది యథాప్రకారము జాబితాకు ఎక్కును: ల్యాప్‌టాప్ ఒకటి, పాతది.

ఇట్టి చోట నింద అంతయు మతిమరపు మీద వేయుట లోకమునకు అలవాటు. అది న్యాయము కాదు. ఐదేండ్ల క్రిందట పెట్టిన ఎనిమిది అక్షరములను మరచుట మనుష్యధర్మమే. పదవ తరగతి ప్రశ్నపత్రములను ఏ ఒక్క ఉపాధ్యాయుని జ్ఞాపకశక్తికో, మంచితనమునకో విడిచిపెట్టరు. పోలీసు ఠాణాలో భద్రపరచి, ఎవరి ఎదుట తీసినది, ఎప్పుడు తీసినది వ్రాసి ఉంచుదురు. బీరువా తాళమునకు రెండవ చెవి ఉండును. ఒక్క కంప్యూటరు విషయమున మాత్రము పాఠశాల సొత్తునకు చెవి ఒక మనిషి తలలో ఉండుట అందరును ఒప్పుకొనిన ఆచారమైపోయినది. దోషము ఆ ఆచారముది.

పాస్‌వర్డు పుట్టుక చూచినను ఈ సంగతి తేటపడును. 1961లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో నాయకత్వమున ఒక బృందము, ఒకే పెద్ద కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను ఏర్పాటును చేసి చూపెను. యంత్రము ఒకటి, వాడువారు అనేకులు. ఎవరి పని వారికి విడిగా ఉండవలెను, ఎవరి కాలము వారికి లెక్క కట్టవలెను. అందులకై ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతపదము ఇచ్చిరి. మరుసటి యేడే అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కాలము చాలక, అందరి సంకేతపదములు గల పట్టికను యంత్రము చేతనే అచ్చు వేయించుకొని ఇతరుల కాలమును కూడ వాడుకొనెను! విద్యార్థులకు ఈ కథ రుచించును. ఉపాధ్యాయులు గమనింపవలసినది వేరొకటి. పలువురు పంచుకొను యంత్రములో ఒక్కొక్కరికి ఒక్కొక్క ద్వారము ఉండుటకై పాస్‌వర్డు పుట్టినది. పాఠశాల ల్యాప్‌టాప్ కూడ పలువురు పంచుకొను యంత్రమే. కాని ఇచ్చట ద్వారము ఒక్కటే, దాని చెవి ఒక్కరిదే. పుట్టిన ప్రయోజనమునకు ఇది తలక్రిందులు.

తెలుగునాట ఇట్టి తాళము కొత్తదేమియు కాదు. గ్రామ కరణముల గొలుసుకట్టు వ్రాతను చూచినవారు నేటికిని కొందరున్నారు. కలము ఎత్తకుండ అక్షరమునకు అక్షరము లంకె వేసి వ్రాసిన ఆ లెక్కలు మరొక కరణమునకు తప్ప పొలము యజమానికి అర్థమయ్యెడివి కావు. కాగితము ఊరిది, చదువు కరణముది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము వంశపారంపర్యముగా వచ్చుచున్న గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు దస్త్రములు చేతులు మారినవి గాని, ఏ సర్వే నంబరు వెనుక ఏ కథ ఉన్నదో ఆ తెలివి మాత్రము వానితోపాటు రాలేదు. ఊరి సమాచారము ఒక్కని తలలో ఉండుట వలన కలుగు కష్టము ఈ పత్తి భూముల రైతునకు ఉపాధ్యాయుడు బోధింపనక్కరలేదు.

కంప్యూటరు వచ్చిన పిదప అదే కథ మరొక రూపమున నడచినది. 2008లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము ఐదువేల ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినప్పుడు, యంత్రములను అమర్చి, ఐదేండ్లు నడిపి, తుదకు అప్పగించి పోవలెనను పద్ధతిని ప్రైవేటు సంస్థలకు పని ఇచ్చినది. బోధకులు ఆ సంస్థల మనుషులు. 2013లో గడువు తీరగా వారు వెళ్లిపోయిరి. అప్పగింత యనగా ఏమి? పెట్టెలు లెక్క పెట్టుటయా, పెట్టెలు తెరచి చూపుటయా? ఒప్పందములలో మొదటిది చేయుట సులువు. రెండవది అడిగినవారు అరుదు.

ఇక తాళము మాట. మరచిన పాస్‌వర్డు అని అందరును ఒక్కమాటగా అందురు గాని, పాత ల్యాప్‌టాప్‌లో మూడు తాళములు ఉండవచ్చును. మూడింటికి మూడు వేరు వైద్యములు. ఏది పడినదో తెలియక బజారుకు పరుగెత్తుట వలన కలిగిన నష్టము మరపు వలన కలిగిన నష్టముకంటె ఎక్కువ.

మీట నొక్కిన వెంటనే, విండోస్ బొమ్మ ఇంకను రాకముందే, సాదా గడి ఒకటి వచ్చి పాస్‌వర్డు అడిగినచో అది యంత్రపు మూలఫలకము మీది తాళము, బయోస్ తాళమందురు. మూడు తప్పులు చేసినచో చాల యంత్రములు అచ్చటనే ఆగిపోవును. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ నాటినుండి బల్లమీది కంప్యూటర్లలో ఇట్టి అమరికలన్నియు చిన్న బ్యాటరీ బలము మీద నిలుచు జ్ఞాపకపు చిప్పులో ఉండెడివి. బ్యాటరీ తీసి కొంతసేపు ఉంచినచో యంత్రము అన్నియు మరచిపోయెడిది, తాళముతో సహా. ఈ చిట్కా ఊరూర వ్యాపించినది. ల్యాప్‌టాప్ విషయమున అది సాధారణముగ పనిచేయదు. చంకన పెట్టుకొని పోదగిన వస్తువు గనుక దొంగల భయము ఎక్కువ. కావున తయారీదారులు ఆ సంకేతపదమును కరెంటు లేకున్నను చెరగని చిప్పులో వ్రాసి ఉంచుట మొదలిడిరి. బ్యాటరీ తీసినచో గడియారము మాత్రము తప్పును. అప్పుడు మిగిలిన దారి తయారీదారు సేవాకేంద్రమే. కొన్ని కంపెనీలు కొనుగోలు రసీదు చూచి విడుదల సంకేతమును ఇచ్చును. కొన్ని మూలఫలకమునే మార్చవలెననును.

విండోస్ తెర వచ్చి, వాడుకరి పేరు చూపి, దాని క్రింద పాస్‌వర్డు అడిగినచో అది రెండవ తాళము. ఇది అన్నింటికంటె మెత్తనిది. అదే యంత్రములో అధికారము గల మరొక ఖాతా ఉన్నచో దానినుండి కొత్తది పెట్టవచ్చును. ఇంటర్నెట్ ఖాతాతో ముడిపడినదైనచో ఆ ఖాతాకిచ్చిన ఫోను నంబరు ద్వారా తిరిగి పొందవచ్చును. ఆ నంబరు ఎవరిది అను ప్రశ్న మరల చార్జి జాబితాకే దారితీయును. అన్నింటికి ముందు చేయవలసినది, పెద్దక్షరముల మీట, అంకెల మీట పడి ఉన్నవేమో చూచుట. కొన్ని పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో అంకెల మీట పడినచో కుడిచేతి క్రింది కొన్ని అక్షరములు అంకెలుగా మారిపోవును. సరియైన మాటనే కొట్టుచు తప్పని బాధపడినవారు లేకపోలేదు.

విద్యార్థులు తరచు అడుగు ప్రశ్న ఒకటున్నది: యంత్రమునకు పాస్‌వర్డు తెలిసియే కదా సరిపోల్చుచున్నది, దానినే అడిగి తెలిసికొనరాదా? రాదు. యంత్రము ఆ మాటను దాచుకొనదు. దానిని గణితపు రోటిలో దంచి, వచ్చిన పొడిని మాత్రము దాచుకొనును. మరల ఎవరైన మాట చెప్పినచో దానిని కూడ అట్లే దంచి, రెండు పొడులు ఒకటేనా అని చూచును. మిరపకాయలను కారము కొట్టిన పిమ్మట ఆ పొడినుండి కాయను తిరిగి తీయగల రోకలి ఈ గుంటూరు సీమలో ఎచ్చటను లేదు. కనుక మరచిన మాటను కనుగొనుట యను పని లేదు. దాని స్థానమున మరొక మాట పెట్టుటయే ఉన్నది.

మూడవది డిస్కు తాళము. నీలి తెరమీద 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడిగినచో అది బిట్‌లాకరు. ఇచ్చట మూసినది ద్వారము కాదు. లోపలి వ్రాత అంతయు గుప్తలిపిగా మారియున్నది. ఆ 48 అంకెలు కాగితము మీద గాని, ఖాతాలో గాని దొరకనిచో సేవాకేంద్రము చేయగలది కూడ లేదు. ఒక హెచ్చరిక అవసరము. మొదటి తాళము కొరకు మూలఫలకమును మార్పించినచో, నిద్రించుచున్న ఈ మూడవ తాళము మేల్కొనవచ్చును. తన పాత ఫలకమును గుర్తింపలేక డిస్కు ఆ అంకెలను అడుగును. నిజమునకు మిక్కిలి పాత యంత్రములలో ఈ తాళము వేసి ఉండుట అరుదు. అట్టి వానినుండి డిస్కును ఊడదీసి, దానికే విడిగా పాస్‌వర్డు పెట్టియుండనిచో, మరొక కంప్యూటరుకు తగిలించి లోపలి దస్త్రములను ముందుగా తీసికొనవచ్చును. ఆ పని పది నిమిషములది.

కాని బజారులో మొదట వినవచ్చు మాట అది కాదు. “ఫార్మాట్ కొట్టేస్తే సరి” అందురు. సరియే, యంత్రము శుభ్రముగా తెరచుకొనును, లోపల ఏమియు ఉండదు. బీరువాలోని ఆ ల్యాప్‌టాప్‌లో ఏమున్నవో ఫార్మాట్ కొట్టించువారు ఒక్కసారి తలపోసిన బాగుండును. ఒక తరము పిల్లల మార్కులు, వార్షికోత్సవపు ఛాయాచిత్రములు, విజ్ఞాన ప్రదర్శనకు వారు తయారుచేసిన పటములు, తెలుగు పండితుడు సెలవులలో కూర్చుని అక్షరము అక్షరము కొట్టిన పాఠములు. (ఆ పాఠములు అను ఫాంటులో ఉన్నచో మరియొక తాళము కలదు, ఆ ఫాంటు లేని యంత్రములో అవి తెలుగువలె కనబడవు. గొలుసుకట్టుకు ఇది మనుమరాలు.) యంత్రము వెల ఏటేట తరుగును. ఆ ఛాయాచిత్రములలోని పిల్లలు పెద్దవారగు కొలది వాని వెల పెరుగును.

విద్యార్థుల దృష్టి వేరుగా ఉండుటలో వింత లేదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీని ప్రారంభించిరి. పాఠములు తప్ప మరేమియు తెరచుకొనకుండ ఆ ట్యాబులకు తాళము వేసియుండిరి. కొద్ది నెలలకే కొందరు పిల్లలు ఆ తాళములు విప్పించి సినిమాలు, ఆటలు చూచుచున్నారని వార్తలు వచ్చినవి. వారి చురుకుదనమును చూచి ముచ్చటపడినవారును ఉన్నారు. ఆ ముచ్చటలో ఒక ప్రమాదమున్నది. తెలివిగలవానికి తాళము లెక్క కాదను భావము పిల్లవానిలో నాటుకొనినచో, ఏ తాళము ఎవరి కొరకు వేసినది అను ప్రశ్న వానికి తోచనే తోచదు. మరచిన యజమాని, దొంగ, ఆటకై తహతహలాడు పిల్లవాడు – ముగ్గురును యంత్రమునకు ఒక్కటే. దానికి ముఖము కనబడదు; మాట ఒక్కటే వినబడును.

మిర్చి రైతు ఈ సంగతిని పుస్తకము చదువకయే ఎరుగును. ధర లేని యేడు టిక్కీలను గుంటూరు చుట్టుపట్ల ఏ కోల్డ్ స్టోరేజీలోనో దాచి బాండు తెచ్చుకొనును. ఆ బాండు మీద బ్యాంకులో అప్పు పుట్టును. బాండు పోయినచో గిడ్డంగి గుమాస్తా రైతు ముఖము గుర్తుపట్టినను టిక్కీలు వదలడు. పేరు, లాటు, సంతకము, సాక్ష్యము అడుగును. ఆనాడు రైతునకు కోపము వచ్చును. కాని అడుగకుండ వదలు గిడ్డంగిలో మరుసటి యేడు అతడు సరుకు దాచునా? పాస్‌వర్డు మరచి వచ్చినవానిని రసీదు చూపుమని సేవాకేంద్రము అడిగినప్పుడు కూడ కోపగించుటకు కారణము లేదు. రసీదు అడుగకుండ తెరచి ఇచ్చు బజారు దుకాణమునే అనుమానింపవలెను. నేడు పాఠశాల యంత్రమును తెరచిన చేయి రేపు పాఠశాలనుండి దొంగిలించిన యంత్రమును కూడ తెరచును.

అయితే ఇచ్చట ప్రభుత్వ పాఠశాలకు ఒక చిక్కున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. రైతు బాండు రైతు చేతిలో ఉండును. పై అధికారులు ఒక్కమారుగా కొని పంపిన యంత్రమునకు రసీదు పాఠశాలలో ఉండదు. జిల్లా కేంద్రములోనో రాజధానిలోనో ఏదో ఫైలులో ఉండును. యంత్రము తనదని నిరూపించు కాగితమే లేని యజమాని స్థితి ప్రధానోపాధ్యాయునిది. ఆపైన గుంటూరు, ప్రకాశము జిల్లాలను 2022 ఏప్రిల్ 4న విభజించి బాపట్ల, పల్నాడు జిల్లాలను ఏర్పరచిరి. అట్టి విభజనలో ఏ ఫైలు ఏ ఊరి కార్యాలయమునకు పోయినదో వెదకుట ఒక ఉపాధ్యాయునికి సెలవు దినముల పని. ప్రతి యంత్రముతోపాటు దాని క్రమసంఖ్య గల రసీదు నకలును పాఠశాలకు పంపుట వలన ఖజానాకు కలుగు భారము ఒక కాగితము.

పాఠశాల యంత్రమునకు పాస్‌వర్డే వలదనువారు కలరు. పిల్లల ఆధారు సంఖ్యలు, తలిదండ్రుల బ్యాంకు ఖాతాలు, కులము, ఆదాయము అన్నియు అందులో ఎక్కించునప్పుడు ఆ మాట చెల్లదు. అందరికి గుర్తుండునట్లు ఊరి పేరు, పక్కన ఒకటి రెండు మూడు అని పెట్టుదమనువారు ఇంకను ఎక్కువ. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 3,289 పాస్‌వర్డులను పరిశీలించి, వానిలో 86 శాతము సులువుగా ఊహింపదగినవని ప్రకటించిరి. అవి కంప్యూటరు విద్యలో ఆరితేరినవారి నడుమ వాడుకలో నున్నవి! ఆ పిమ్మట పెద్దక్షరము, అంకె, చుక్క గుర్తు కలుపవలెననియు, తరచు మార్చవలెననియు నియమములు వచ్చినవి. ఆ నియమములకు ఆధారమైన 2003 నాటి అమెరికా ప్రభుత్వ పత్రమును వ్రాసిన బిల్ బర్ అను అధికారియే 2017లో అందులకు విచారము ప్రకటించెను. అదే సంవత్సరము అచ్చటి ప్రమాణముల సంస్థ ఊరక గడువు పెట్టి మార్పించుట మానుడనియు, పొడవైన మాటలను అనుమతింపుడనియు చెప్పినది. అయినను పాత నియమమునే పట్టుకొని మూడు నెలలకొకసారి మార్పించు కార్యాలయములు ఇంకను ఉన్నవి. అవి మరపును తామే పెంచి పోషించుచున్నవి. ఒకదానితో ఒకటి సంబంధము లేని నాలుగు తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరములలో, వరుసగా కూర్చినచో పొడవునకు పొడవు, గుర్తునకు గుర్తు. వేమన మకుటము మాత్రము వలదు. తెలుగు దొంగకు మొదట తోచునది అదే.

ఎంత మంచి మాటయైనను మనిషితోపాటు బదిలీ కారాదు. పూరీ జగన్నాథుని రత్నభాండారము లోపలి గదికి తాళపుచెవి కనబడుట లేదని 2018లో బయటపడినప్పుడు దేశమంతయు ముక్కున వేలు వేసికొనినది. తుదకు 2024 జులై 14న తాళములు కోసి లోపలికి పోవలసి వచ్చినది. ఇనుప తాళము గనుక కోయుటకు వీలైనది. 48 అంకెల తాళమును కోయు రంపము లేదు.

చేయవలసినది పెద్ద పని కాదు. యంత్రములో అధికారపు ఖాతా ఒకటి కార్యాలయము పేర, పాఠములకు వాడు ఖాతాలు వేరుగా ఉండవలెను. విద్యార్థుల ఖాతాకు తాళము తేలికగా ఉన్నను చింత లేదు. అధికారపు పాస్‌వర్డు, బయోస్ పాస్‌వర్డు, ఉన్నచో ఆ 48 అంకెలు ఒక కాగితము మీద చేతితో వ్రాసి, కవరులో పెట్టి, అంటించి, అడ్డముగా సంతకము చేసి, తేదీ వేసి, అడ్మిషను రిజిస్టరు ఉండు బీరువాలో ఉంచవలెను. ఎవరు విప్పినను ఎందుకు విప్పినది వ్రాసి, మాట మార్చి, కొత్త కవరు పెట్టవలెను. చార్జి జాబితాలో ఒక వరుస పెరుగును. వచ్చువారు సంతకము చేయుటకు ముందు పోవువారి ఎదుటనే మీట నొక్కి, తెరచి, మూసి చూడవలెను. ఇందులకు ప్రభుత్వపు ఉత్తరువు వచ్చువరకు వేచియుండనక్కరలేదు. లోపలి దస్త్రములకు మరొక ప్రతి ఏటికొకసారి వేరొక డిస్కులో తీయుట కూడ అదేరోజు జరుగవచ్చును. పూలమాలకు, కాఫీకి నడుమ అంత వ్యవధి ఉండును.

ఇదివరకే మూతపడిన యంత్రముల సంగతి మిగిలియున్నది. హైదరాబాదునకు పోయిన ఆ కుర్రవానికి మరియొకమారు ఫోను చేయుట వృథా కాదు. పాస్‌వర్డు ఏమని కాక, ఆ యేడు తరగతిలో ఎవరెవరు ఉండిరి, ఏ పాఠము చెప్పుచుండగా ల్యాప్‌టాప్ కొత్తగా వచ్చినది అని అడిగినచో, అతనికి ఏదో ఒకనాటికి మొదటి బల్లమీద కూర్చున్న పిల్లవాని పేరు తట్టవచ్చును. అప్పుడును ఆ పేరులో మొదటి అక్షరము పెద్దదా చిన్నదా అని యంత్రము పట్టుపట్టును.